పల్లవి కోసం ఎదురుచూడకుండా జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీతం వినడం ఎలా

ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో స్పీకర్ పెట్టుకుని వింటున్నాను. వంటింట్లోంచి అమ్మ అడిగింది, "ఏరా, పాట ఇంకా మొదలవ్వలేదా?" అని.

"మొదలై పన్నెండు నిమిషాలైందమ్మా."

"మరి పాడేవాళ్ళేరీ?"

అమ్మ అడిగిన దాంట్లో తప్పేం లేదు. మనం పెరిగిందే సినిమా పాటల్లో. పల్లవి, బిట్, చరణం, మళ్ళీ పల్లవి. గొంతు వచ్చేదాకా మన చెవి వాకిట్లో నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది. జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీతం దగ్గర ఆ ఎదురుచూపుతోనే చిక్కు వస్తుంది. అక్కడ రాగం లేక కాదు, కావలసినంత ఉంది. కాకపోతే అది పైన ఒక్క గొంతులో ఉండదు. నాలుగైదు చిన్న వరసలు ఒకదాని సందులోంచి ఇంకొకటి దూరుతూ పోతుంటే, వాటి మధ్యలో పుడుతుంది. దాన్ని పట్టుకోవడానికి చెవికి కొంచెం అలవాటు చెయ్యాలి. నాకు ఏడాది పట్టింది, అదీ అడ్డదిడ్డంగా విన్నందుకు. మీకు అంత పట్టక్కర్లేదు.

ముందు మీరు ఎలాంటి శ్రోతో చూసుకోండి

మీకు బాగా ఇష్టమైన పాత సినిమా పాట ఒకటి పెట్టండి. రెండో చరణానికి ముందొచ్చే బిట్ దగ్గర ఆపి, ఆ ముప్ఫై సెకన్లూ మూడుసార్లు వినండి. ఫ్లూట్ ఏం చేస్తోంది, వయొలిన్లు దానికి ఎక్కడ బదులిస్తున్నాయి, కింద బేస్ గిటార్ తన దారిన తను ఎటు నడుస్తోంది. ఇళయరాజా పాటల్లో ఐతే ఈ బేస్ గిటార్ ఒక్కటే విడిగా పాడుకునేంత బావుంటుంది. ఆ బిట్ అయిపోయి గొంతు మొదలైనప్పుడు మీకు రవ్వంతైనా "అయ్యో, అప్పుడే అయిపోయిందా" అనిపిస్తే ఇక మీకు అడ్డేం లేదు. ఈ సంగీతమంతా అలాంటి బిట్లే. ఏడు నిమిషాల బిట్, ఇరవై నిమిషాల బిట్, గంట బిట్.

అలా అనిపించకపోతే కింద పాడేవాళ్ళున్న బృందాల గురించి రాసిన చోటికి వెళ్ళి, అక్కడ మొదలుపెట్టండి.

చెవులకి ఏం పెట్టుకోవాలి

ఖరీదైనవేం అక్కర్లేదు. రెండు వైపులా పనిచేసే మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు. "రెండు వైపులా" అని నొక్కి ఎందుకంటున్నానంటే, నా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో ఎడమది సగం చచ్చిపోయి ఉంటే మూడు వారాలు గమనించలేదు. ఒక పాట నాకు వెలితిగా, బోసిగా అనిపించేది. అందరూ దీన్ని ఇంత పొగుడుతారేంటి అనుకునేవాణ్ణి. వేరే ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న రోజు తెలిసింది, కుడివైపు స్వరం పలికిన ప్రతిసారీ ఎడమవైపు నుంచి అర క్షణం ఆలస్యంగా ఒక జవాబు వస్తోంది. ఆ రెండూ కలిస్తేనే అది ట్యూన్. నేను మూడు వారాలుగా ఫోన్‌లో ఒకవైపు మాటలే విన్నట్టు విన్నాను.

ఫోన్‌లో మూడు సెట్టింగులు మార్చండి. బాస్ బూస్ట్ తీసేయండి, కింది వరస ఉబ్బిపోయి మిగతావాటిని మింగేస్తుంది. షఫుల్ ఆపండి. క్రాస్‌ఫేడ్ అని ఒకటుంటుంది, ఒక పాట చివర మీదికి ఇంకో పాట మొదలు ఎక్కించేది, అదీ ఆపండి. ఈ పాటల్లో చాలావాటి చివరి నిమిషంలో వరసలు ఒక్కొక్కటే లేచి వెళ్ళిపోతాయి. దాని మీద ఇంకో పాట వచ్చి పడితే పెళ్ళి పందిట్లో పంక్తి లేవకముందే ఊడ్చినట్టుంటుంది.

వాల్యూమ్ మీరు మామూలుగా పెట్టుకునే దానికంటే ఒక గీత తక్కువ పెట్టండి. చెవే కాస్త ముందుకి వంగుతుంది.

మొదటి పాట: మూడుసార్లు, మూడు రకాలుగా

క్రాఫ్ట్‌వెర్క్ అనే పేరు విని ఉంటారు. జర్మన్‌లో ఆ మాటకి అర్థం పవర్ ప్లాంట్. డ్యూసెల్‌డార్ఫ్ నగరంలో 1970లో రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియన్ ష్నైడర్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఇద్దరూ సంగీతం శాస్త్రీయంగా నేర్చుకున్నవాళ్ళే, ష్నైడర్ వేణువు వాయించేవాడు. వీళ్ళ 1981 ఆల్బమ్ 'కంప్యూటర్ వరల్డ్'లో 'కంప్యూటర్ లవ్' అనే పాటతో మొదలుపెట్టండి. ఏడు నిమిషాలు. ట్యూన్ చిన్నపిల్లలు కూడా పాడుకోగలిగేంత తేలిక. ఎంత తేలికంటే, 2005లో బ్రిటిష్ రాక్ బృందం కోల్డ్‌ప్లే ఆ ట్యూన్‌నే అనుమతి తీసుకుని తమ 'టాక్' పాటలో గిటార్ మీద వాయించింది.

మొదటిసారి ఆ పై ట్యూన్‌నే వినండి. కూనిరాగం తీయండి, పర్లేదు.

రెండోసారి ట్యూన్‌ని వదిలేసి కింద నడిచే బేస్‌ని పట్టుకోండి. కష్టంగా ఉంటుంది. మనసు మాటిమాటికీ పైకి జారిపోతుంది. బజార్లో చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు మళ్ళీ పట్టుకుని కిందికి తెచ్చుకోవడమే.

మూడోసారి మాటలు అయిపోయాక ఏం జరుగుతోందో చూడండి. ఇద్దరు ముగ్గురు కలిసి ముగ్గు వేస్తుంటే ఒకరి గీత కింద నుంచి ఇంకొకరి గీత వెళ్తుంది కదా, అలా చిన్న చిన్న ట్యూన్లు ఒకదాని కింద నుంచి ఇంకొకటి వెళ్తుంటాయి. ఏదీ గట్టిగా అరవదు, ఎవరూ సోలో వాయించి చప్పట్లు కొట్టించుకోరు. నాకు ఈ సంగీతం మీద ఇష్టం పుట్టింది సరిగ్గా అక్కడ. అంత లెక్కగా, యంత్రంలా నడిచే చోట అంత దిగులు ఎలా వచ్చి కూర్చుందా అని.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఏ పాటైనా పూర్తి నిడివి ఉన్నదే వినండి. వీళ్ళదే 1974 నాటి 'ఆటోబాన్' ఇరవై రెండు నిమిషాల పైచిలుకు, రికార్డులో ఒక వైపంతా అదే. రేడియో కోసం దాన్ని మూడున్నర నిమిషాలకి కత్తిరించారు. ఆ కత్తిరించిందే హిట్టయింది, అది వేరే సంగతి. హైవే మీద కారులో పోయే పాట అది. మూడున్నర నిమిషాల్లో టోల్‌గేట్ కూడా దాటలేం.

ఊ నుంచి ఆ దాకా

మన సంగీతం విన్న చెవికి ఇక్కడి స్వరాలు మొదట్లో మొద్దుగా అనిపిస్తాయి. మన దగ్గర స్వరం ఊగుతుంది, జారుతుంది, గమకం ఉంటుంది. వీళ్ళ స్వరం చాలాసార్లు మేకు కొట్టినట్టు ఒక్కచోటే నిలబడుతుంది. మరి ప్రాణం ఎక్కడి నుంచి వస్తోంది?

ఇప్పుడే ఒక పని చెయ్యండి, ఎవరూ లేకపోతే మంచిది. ఒకే శ్రుతిలో "ఊ" అని పట్టి, ఊపిరి ఆపకుండా నెమ్మదిగా "ఓ" మీదుగా "ఆ" దాకా నోరు తెరవండి. మళ్ళీ "ఊ"కి మూయండి. శ్రుతి మారలేదు, గొంతు మారలేదు, నోటి ఆకారం మారిందంతే. కానీ శబ్దం చీకటి గదిలోంచి వెలుతుర్లోకి వచ్చి వెళ్ళినట్టుంది. సింథసైజర్‌లో, అంటే కరెంటుతో శబ్దాన్ని పుట్టించే వాయిద్యంలో, ఫిల్టర్ అనే మీట చేసే పని అదే. అది మూసి ఉంటే స్వరం దుప్పటి కింద ఉన్నట్టుంటుంది, తెరిచే కొద్దీ పదునెక్కుతుంది. ఒకే నాలుగు స్వరాలు ఐదు నిమిషాల పాటు తిరుగుతున్నా విసుగు రాకపోవడానికి చాలావరకు కారణం, వెనకెవరో ఈ మీటని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ఉండటం. గమకం స్వరస్థానంలో కాకుండా స్వరం రంగులో ఉందనుకోండి. ఆ ఒక్కటి తెలిశాక "ఒకటే వాయిస్తున్నారేంటి" అన్న ఫిర్యాదు నా మటుకు పోయింది.

ఎనిమిది మీటల పెట్టె

బెర్లిన్‌లో 1967లో ఎడ్గర్ ఫ్రోజె మొదలుపెట్టిన బృందం టాంజరీన్ డ్రీమ్. వీళ్ళ దగ్గర మూగ్ అనే కంపెనీ సింథసైజర్‌తో పాటు సీక్వెన్సర్ అనే పెట్టె ఉండేది. వరసకి ఎనిమిది మీటలు. ఒక్కో మీటకి ఒక్కో స్వరం బిగిస్తే పెట్టె ఒకటి నుంచి ఎనిమిది దాకా వాయించి మళ్ళీ ఒకటికి వస్తుంది, మీరు ఆపేదాకా. వాయించేవాడు కీబోర్డు ముందు చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. లేదా తిరుగుతుండగానే మూడో మీటని కొంచెం తిప్పొచ్చు. అప్పుడు ఏడు స్వరాలు అలాగే ఉండి ఒక్కటి మారుతుంది. రోజూ వెళ్ళే వీధిలో ఒక ఇంటికి కొత్తగా రంగేస్తే మొదట ఏం మారిందో తెలియదు, ఏదో మారిందని మాత్రం తెలుస్తుంది చూడండి, అలా ఉంటుంది. బృందంలో క్రిస్టోఫర్ ఫ్రాంకె ఈ పనిలో ఆరితేరినవాడు.

వినాల్సింది 1974లో వచ్చిన 'ఫీడ్రా', అదే పేరున్న మొదటి పాట. రికార్డు చేసింది ఇంగ్లండ్‌లో. ఆ రోజుల్లో మూగ్ యంత్రాలు వేడికి శ్రుతి జారేవి. ఈ పాటలో ఆ జారడం మీకు వినిపిస్తుంది. మధ్యలో వరస మొత్తం ఉన్న శ్రుతి నుంచి మెల్లగా పక్కకి ఒరుగుతుంది. మన కచేరీలో ఐతే ఆపి తంబూరా సరిచేసుకునేవాళ్ళు. వీళ్ళు అలాగే ఉంచేశారు. ఉంచేసి మంచిపనే చేశారు, నా దృష్టిలో ఆ పాటలో అన్నిటికంటే మనిషి చేసినట్టనిపించే భాగం యంత్రం చేసిన ఆ తప్పే.

వీళ్ళ దగ్గరే మొదట్లో డ్రమ్స్ వాయించి బయటికొచ్చిన క్లౌస్ షుల్జె అని ఒకాయన ఉన్నాడు. 1975లో 'టైమ్‌విండ్' చేశాడు, రెండే పాటలు, చెరో అరగంట. గొప్పదే. కానీ ఇప్పుడే వద్దు. ఆవకాయతో అన్నప్రాసన చెయ్యం కదా.

చప్పట్ల లెక్క

"చిక్కుగా ఉంటుంది" అని ఈ సంగీతం గురించి అందరూ అంటారు. ఆ చిక్కు ఎలా పడుతుందో రెండు నిమిషాల్లో చేతులతో తెలుసుకోవచ్చు. ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టండి. ఇద్దరూ ఒకే వేగంతో లెక్కపెట్టాలి. మీరు ఒకటి-రెండు-మూడు-నాలుగు అంటూ ఒకటి దగ్గర చప్పట్లు కొట్టండి. వాళ్ళు ఒకటి-రెండు-మూడు అంటూ ఒకటి దగ్గర బల్ల మీద కొట్టాలి. మొదటి దెబ్బ ఇద్దరిదీ కలిసి పడుతుంది. తర్వాత విడిపోతారు. మీవి ఐదులో, తొమ్మిదిలో పడితే వాళ్ళవి నాలుగులో, ఏడులో, పదిలో పడతాయి. మళ్ళీ పదమూడో లెక్కలో ఇద్దరూ ఠక్కున కలుస్తారు. ఆ కలిసినప్పుడు తెలియకుండానే నవ్వొస్తుంది. మృదంగమో కర్ణాటక గాత్రమో నేర్చుకున్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు, చతురశ్రం మీద తిశ్రం.

ఇప్పుడు చేతుల బదులు రెండు సీక్వెన్సర్లు పెట్టండి. ఒకదాంట్లో 16 మెట్లు, ఇంకోదాంట్లో 7. మెట్టంటే ఒక్కో స్వరం. అవి కలిసి మొదలై మళ్ళీ కలిసేది 112 మెట్ల తర్వాత. సెకనుకి ఎనిమిది మెట్లు నడిస్తే పద్నాలుగు సెకన్లు. దాని మీద 5 మెట్ల వరస ఇంకోటి వేశారంటే మూడూ మళ్ళీ కలిసేది 560 మెట్లకి, అంటే 70 సెకన్లకి. వేసింది మొత్తం ఇరవై ఎనిమిది స్వరాలే, కానీ నిమిషం పైన ఏ క్షణమూ ముందు క్షణంలా ఉండదు. చాలాసార్లు మీకు "ఇక్కడో కొత్త ట్యూన్ వచ్చింది" అనిపించేది ఎవరూ విడిగా వాయించింది కాదు. రెండు వరసలు ఒకదాన్నొకటి దాటుతున్నప్పుడు పుట్టింది.

ఫోన్‌లో ఉచితంగా దొరికే ఏ సీక్వెన్సర్ యాప్‌లోనైనా ఇది మీరే చేసి చూసుకోవచ్చు. మోహన రాగం ఐదు స్వరాలు తీసుకోండి, ఎలా వేసినా కర్ణకఠోరంగా రాదు. నేను వేసింది మూడు రోజులు ఫోన్ అలారంగా పెట్టుకుని, నాలుగో రోజు తీసేశాను.

ఇక గంట పాట

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బెర్లిన్‌లో మాన్యువల్ గోట్‌షింగ్ అనే గిటారిస్టు ఉండేవాడు. 1981 డిసెంబరు 12న తన స్టూడియోలో ఒక్కడే కూర్చుని, దాదాపు గంట సేపు ఆపకుండా వాయించి టేపులో ఎక్కించుకున్నాడు. మర్నాడు విమానంలో హాంబర్గ్ వెళ్తూ వినడానికి ఏదైనా ఉంటే బావుండునని చేసుకున్నానని ఆయనే తర్వాత చెప్పాడు. దాన్ని ఏమీ మార్చకుండా 1984లో 'ఈ2-ఈ4' పేరుతో రికార్డుగా విడుదల చేశారు. చదరంగం ఆడేవాళ్ళకి పేరు చూడగానే తెలిసిపోతుంది. రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు జరిపే మొదటి ఎత్తు అది.

ఇందులో ఉన్నవి రెండంటే రెండే కార్డులు (chords), అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించే గుంపులు. గంటసేపు ఆ రెండే. వినకముందు నాకూ నవ్వొచ్చింది.

సీడీ మీద ఆ గంటని తొమ్మిది భాగాలు చేసి పేర్లు పెట్టారు. మొదటి పదమూడు నిమిషాల పేరుని తెలుగులో చెప్పాలంటే "నెమ్మదైన టెన్షన్". నాకు తెలిసి ఒక సంగీతానికి ఇంతకంటే సరిపోయే పేరు ఎవరూ పెట్టలేదు. పరీక్ష హాల్లో పేపర్ ఇవ్వడానికి ముందు ఐదు నిమిషాలుంటాయే, ఆ రకం. తర్వాత ఆట నడిమధ్య, రాణి, గౌరవంగా పోరు, ఇలా చదరంగం మాటలే వస్తాయి. ఆఖరి మూడు నిమిషాల పేరు "డ్రా".

దీన్ని ఒక్కసారే కూర్చుని వినాలని పట్టుదలకి పోకండి. నేను చెప్పే పద్ధతి ఇది.

మొదటి రోజు పదమూడు నిమిషాలు. కళ్ళు మూసుకుని వినండి. తల ఊపాలనిపిస్తే ఊపండి, అనిపించకపోతే వద్దు. ఏం నచ్చిందో చెప్పమని మిమ్మల్ని మీరే అడక్కండి.

రెండో రోజు మొత్తం పెట్టండి, కానీ చేతులకి పని ఉండాలి. గోరుచిక్కుళ్ళు ఈనెలు తీయడం, బట్టలు మడతపెట్టడం, అలాంటిది. నేను మొదట పూర్తిగా విన్నది మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా వెళ్ళిన రోజు. సగం దారిలో, అరగంట దాటాక, నాకు తెలియకుండానే చేతులు సీటు పక్క రాడ్ మీద తాళం వేస్తున్నాయి. సరిగ్గా ఆ సమయానికే గిటార్ వస్తుంది. అప్పటిదాకా గిటార్ లేదని, ఆయన గిటారిస్టని మనం మర్చిపోయి ఉంటాం. పొద్దుటి నుంచి ఇంట్లో పనివాళ్ళంతా తిరుగుతుంటే మధ్యాహ్నానికి ఇంటి పెద్దాయన పడక్కుర్చీలోకి వచ్చి కూర్చున్నట్టు వస్తుంది, హడావిడేమీ లేకుండా.

మూడో రోజు గిటార్‌ని వినకండి. గిటార్ వచ్చాక దాని వెనక ఆ రెండు కార్డులు, ఆ చిన్న తాళాలు ఏమయ్యాయో చూడండి. అవి ఎక్కడికీ పోలేదు. ఇందాక అవే పాట. ఇప్పుడు అవే తంబూరా.

ఇది వచ్చినప్పుడు విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు. ఐదేళ్ళ తర్వాత, 1989లో ఇటలీ వాళ్ళు దీని ముక్క తీసుకుని 'సుయెన్యో లాటినో' అనే డాన్స్ పాట చేస్తే క్లబ్బుల్లో మోగిపోయింది. గోట్‌షింగ్ 2022లో పోయాడు. డాన్స్ కోసం చేసింది కాదది, విమానంలో కిటికీ పక్కన కూర్చుని వినడానికి చేసుకున్నది.

ఇక్కణ్ణించి ఎటు

ఇక్కడికి వచ్చారంటే దారి తెలిసినట్టే. ఇక మీ మనసు ఎటు లాగితే అటు.

వాన, కిటికీ, పాత జ్ఞాపకాలు ఇష్టమైతే ఉల్రిక్ ష్నౌస్. కీల్ అనే సముద్రతీర పట్నంలో పుట్టాడు. 2001లో 'ఫార్ అవే ట్రెయిన్స్ పాసింగ్ బై' అనే మొదటి ఆల్బమ్, పేరుకి తగ్గట్టే దూరంగా రైలు వెళ్ళినట్టుంటుంది. తాళం చిటపటమంటూ చిన్నగా, మీద ట్యూన్ మబ్బులా పెద్దగా. కొంతమందికి ఇది మరీ తీపి. నాకు రాత్రి తొమ్మిది దాటాక తీపి అనిపించదు. ఈయనే తర్వాత కొన్నేళ్ళు టాంజరీన్ డ్రీమ్‌లో చేరాడు, చిన్నప్పుడు అభిమాని.

ఇంకా పొదుపుగా, చలిగా కావాలంటే అరోవేన్. 2000లో వచ్చిన 'టైడ్స్'. హార్ప్సికార్డ్ లాంటి పాతకాలం తీగల శబ్దం, దాని కింద ముక్కలు ముక్కలుగా విరిగిన తాళం. ఇందాకటి చప్పట్ల లెక్క చేసి ఉంటే ఇక్కడ పనికొస్తుంది.

నవ్వొచ్చే సంగీతం కావాలంటే మౌస్ ఆన్ మార్స్. ఆండి టోమా, యాన్ వెర్నర్ అని ఇద్దరు, 1990ల నుంచి చేస్తున్నారు. 1997 నాటి 'ఆటోడిటాకర్' వినండి. కుక్కర్ విజిల్, బొమ్మకారు, సోడా గోలీ, అన్నీ కలిసి కచేరీ పెట్టినట్టుంటుంది. జర్మన్లు సీరియస్ మనుషులని ఎవరన్నారో గానీ.

మన సీడీ ప్లేయర్ల కాలం గుర్తుందా? గీత పడ్డ సీడీ ఒకే ముక్క దగ్గర టక్-టక్-టక్ అని ఆగిపోయేది, మనం తీసి పైటచెంగుతో తుడిచి మళ్ళీ పెట్టేవాళ్ళం. మార్కస్ పాప్ అనే ఆయన, ఆయన బృందం ఓవల్ పేరుతో ఆ టక్-టక్‌నే పోగుచేసి సంగీతం చేశారు. 1995లో వచ్చిన '94డిస్కాంట్'లో మొదటి పాట 'డూ వైల్', ఇరవై నాలుగు నిమిషాలు. గుళ్ళో చిన్న గంటలు ఎవరో నిద్రలో కొడుతున్నట్టుంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఇయర్‌ఫోన్ జాక్ లూజ్ అనుకుని రెండుసార్లు తీసి పెట్టాను.

గంటల మోత ఇష్టమైతే పాంథా డు ప్రిన్స్, 2010 నాటి 'బ్లాక్ నాయిస్'. నడవడానికి బావుంటుంది.

పాడేవాళ్ళు ఉండి తీరాల్సిందే అంటారా, నోట్‌విస్ట్ ఉన్నారు. బవేరియాలో వైల్‌హైమ్ అనే చిన్న ఊరివాళ్ళు. మొదట్లో గోల గోలగా గిటార్లు వాయించిన బృందం, తర్వాత ఎలక్ట్రానిక్స్ కలుపుకుంటూ వచ్చి 2002లో 'నియాన్ గోల్డెన్' చేశారు. గొంతు ఉంటుంది కానీ నాయకుడిలా ముందు నిలబడదు, మిగతా వాయిద్యాల మధ్య తనూ ఒకటిగా కూర్చుంటుంది. ఆ చుట్టుపక్కల బృందమే లాలి పూనా, ఒకావిడ చెవిలో చెప్పినట్టు పాడుతుంది. పేరులో లాలి ఉంది గానీ మన లాలిపాటకి దీనికి సంబంధం లేదు. నిద్ర మాత్రం బాగా పడుతుంది.

బెర్లిన్ అనగానే టెక్నో గుర్తొచ్చేవాళ్ళకి ఒక మాట. ఆ టెక్నో సంస్కృతిని 2024లో జర్మనీ తన వారసత్వ సంపదల జాబితాలో చేర్చుకుంది. గొప్ప సంగీతమే. కానీ దాన్ని కాళ్ళతో వినాలి, ఇంట్లో సోఫాలో కూర్చుని కాదు. రెండిటికీ చుట్టరికం ఉంది, కాపురం వేరు. అలాగే 1970ల జర్మన్ సంగీతాన్ని "క్రౌట్‌రాక్" అనడం చూస్తారు. క్రౌట్ అంటే జర్మన్లని తక్కువ చేసి పిలిచే మాట. బ్రిటిష్ పత్రికలు వెటకారంగా వాడిన పేరది, ఆ సంగీతకారుల్లో చాలామందికి ఇష్టం ఉండేది కాదు. జర్మన్ స్నేహితుల ముందు వాడేటప్పుడు చూసుకోండి.

విసుగొస్తే

వస్తుంది. ఆపేయండి. మొహమాటానికి వినే సంగీతం ఒంటికి పట్టదు. కాకపోతే ఆపేముందు ఒకసారి, ఇప్పటిదాకా మీరు వింటున్న వరసని వదిలి వేరే వరస పట్టుకుని ఒక్క నిమిషం చూడండి. నాకు సగం సార్లు విసుగు పాటతో కాదు, పట్టుకున్న చోటుతో.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుంటే మంచిది. పాట పేరు, ఏ నిమిషంలో ఏదో మారినట్టనిపించిందో, అంతే. "14:20 – వెలుతురు" అని రాసుకున్నాను ఒకచోట. రెండు నెలల తర్వాత అదే పాట వింటే సరిగ్గా అక్కడ ఫిల్టర్ తెరుచుకుంటోంది. అప్పటికి నాకు ఆ మాట కూడా తెలియదు.

ఆఖరిది, ఇంట్లోవాళ్ళతో

ఒక్కరే వినగలిగాక ఇంకొకరికి వినిపించండి. దానికి నేను వాడేది నిల్స్ ఫ్రామ్ పాట 'సేస్', 2013 నాటి 'స్పేసెస్' ఆల్బమ్‌లోది. బెర్లిన్‌లో ఉంటాడు, పియానో కళాకారుడు. ఇది కచేరీలో వాయించింది. ఎనిమిది నిమిషాలు. పాత జూనో సింథసైజర్ మీద ఒక చిన్న వరస తిరుగుతూ ఉంటుంది. తిరుగుతూనే ఉంటుంది. ఫిల్టర్ చీమ నడకలా తెరుచుకుంటుంది, పియానో ఎక్కడో లోపల ఒకటీ అరా పలుకుతుంది. వినేవాళ్ళకి ముందుగా ఏమీ చెప్పకండి. ముఖ్యంగా "చివర్లో చూడు" అనకండి. ఇన్ని నిమిషాల పాటు కదలని కార్డు ఆఖర్లో ఒక్కసారిగా కదులుతుంది, పియానో మొత్తం విరుచుకుపడుతుంది.

నేను అమ్మకి పెట్టాను. ఉల్లిపాయలు తరుగుతోంది. మొదటి నాలుగు నిమిషాలు ఏం మాట్లాడలేదు. ఐదో నిమిషంలో "ఫోన్ ఏమైనా హ్యాంగయిందేమో చూడు" అంది. నేను చూడలేదు. ఆ కార్డు మారగానే కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"హమ్మయ్య, ఇప్పుడు మొదలైంది" అంది.

కాసేపటికి జనం చప్పట్లు వినబడ్డాయి, పాట అయిపోయింది.